కెనడాలో టార్గెట్ ఎందుకు మూతపడింది: మన కొట్లకు ఆ కథలో ధైర్యం ఉందా?

గోదావరి డెల్టాలో ఏ ఊరికైనా పెద్ద డిస్కౌంట్ స్టోర్ వస్తుందన్న మాట లేచిందంటే, వెనకే టార్గెట్ అనే అమెరికా డిస్కౌంట్ స్టోర్ల కంపెనీ కెనడాలో మూతపడ్డ కథ కూడా లేస్తుంది. పిల్లలు టొరంటో వైపు స్థిరపడ్డ ఇళ్లు ఇక్కడ తక్కువేం కాదు, అలా ఆ కథ వర్తకుల మీటింగుల దాకా వచ్చేసింది. ‘అంత పెద్ద అమెరికా కంపెనీయే పక్క దేశం వెళ్లి రెండేళ్లకు షట్టర్లు దించేసింది, వీళ్లెంత?’ అని కిరాణావాళ్లు ధైర్యం చెప్పుకుంటారు. ‘కుదిరితే ఉంటారు, లేకపోతే పోతారు, మనకేం పోయింది?’ అని స్టోర్ కావాలనేవాళ్లు అదే కథ చెబుతారు. రెండు వర్గాలూ షట్టర్ దించిన రోజు గురించే మాట్లాడుతున్నాయి. అసలు కథ సంతకం పెట్టిన రోజే అయిపోయింది.

ఆ సంతకం 2011 జనవరిలో పడింది. అమెరికా దాటి అప్పటిదాకా ఒక్క కొట్టూ పెట్టని టార్గెట్, జెల్లర్స్ అనే పాత కెనడా చవక దుకాణాల లీజులు 220 వరకు తీసుకోడానికి 182.5 కోట్ల కెనడా డాలర్లకు బేరం కుదుర్చుకుంది. చేతికొచ్చింది అద్దె హక్కు. లీజు మొదలైతే ఖాళీ గోడలకూ అద్దె కట్టాలి, తెరవని ప్రతి నెలా నష్టమే. పదో ఇరవయ్యో పెట్టి పరిస్థితి చూసుకోవాల్సిన కంపెనీ, 2013 మార్చిలో మూడింటితో మొదలై ఆ ఏడాది ఆఖరుకే 124 తెరిచేసింది.

హడావుడి అరల మీద కనబడింది. కొత్త కంప్యూటర్ సిస్టమ్‌లో వేల సరుకుల వివరాలు ఆదరాబాదరాగా ఎక్కించారు. అంగుళాలు వేయాలో సెంటీమీటర్లు వేయాలో తెలియని తికమక, పొడవు ఉండాల్సిన గడిలో వెడల్పు. ఒక డబ్బా కొలత తప్పు పడితే అరలో ఎన్ని పడతాయో, లారీలో ఎన్ని ఎక్కుతాయో అన్నీ తప్పే. గోడౌన్లు కిక్కిరిసిపోయాయి, షాపులో అరలు బోసిపోయాయి. (పాలకొల్లులో ఏ కొట్టాయన్నయినా అడగండి, వెనక గదిలో పంచదార బస్తాలెన్నో లేచి చూడకుండానే చెబుతాడు.)

ధర దగ్గరా దెబ్బ తగిలింది. కెనడా జనంలో ఎక్కువమంది సరిహద్దుకు దగ్గర్లోనే ఉంటారు. అమెరికా టార్గెట్‌లో ఏది ఎంతో వాళ్లకు బాగా తెలుసు, కెనడాలో అదే బోర్డు కింద ఎక్కువ రేటు కనిపించేసరికి మొహం తిప్పుకున్నారు. 2013లో కెనడా నష్టం 94 కోట్ల అమెరికా డాలర్లు. 2015 జనవరి 15న మొత్తం 133 దుకాణాలూ ఎత్తేస్తున్నట్టు ప్రకటన వచ్చింది.

‘మనకేం పోయింది’ అనేవాళ్లు చూడాల్సింది ఆ తర్వాతే. 17,600 మంది ఉద్యోగాలు పోయాయి. అంతకు ముందే జెల్లర్స్ సిబ్బంది పాత సర్వీసు వదులుకుని, కావాలంటే కొత్తవాళ్లలా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. సరుకు పంపినవాళ్లు బాకీల కోసం కోర్టు దారి పట్టారు. ఆ దుకాణాల్లోనే ఫ్రాంచైజీ తీసుకుని మందుల కౌంటర్లు నడిపిన ఫార్మసిస్టులు మధ్యలో ఇరుక్కున్నారు. బాగుపడిందెవరంటే 1994లో ఊల్కో అనే పాత చైన్ దుకాణాలు 122 కొని కెనడాలో అడుగుపెట్టిన వాల్‌మార్ట్. టార్గెట్ తీసుకున్న జెల్లర్స్ లీజుల్లో 39 దాకా 2011లోనే దాని చేతికి వెళ్లాయి, టార్గెట్ పోయాక ఇంకో 13 దుకాణాల చోటు కూడా దక్కింది. పెద్ద చేప పోయిన గుంటలోకి ఇంకో పెద్ద చేపే వచ్చింది.

మన దగ్గర విదేశీ కంపెనీల గొడవ 2012 నాటిది. రకరకాల బ్రాండ్ల సరుకు ఒకే కొట్టులో అమ్మే మల్టీబ్రాండ్ రిటైల్‌లో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం సరేనంది, అప్పటి ఉమ్మడి రాష్ట్రమూ ఒప్పుకుంది. కానీ మొదట 10 లక్షల జనాభా దాటిన నగరాలకే అన్నారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం ఏవీ ఆ గీత దాటలేదు. 2013లో ఆ షరతు సడలించి, చిన్న ఊళ్ల సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. అయినా ఇప్పుడు ఇక్కడి కొట్లకు పోటీ దేశంలోని చైన్లతోనే.

అందులో పెద్దవాటిలో ఒకటి డీమార్ట్, 2002లో ముంబై పొవాయ్‌లో మొదలైంది. అది చాలా చోట్ల అద్దె జోలికి పోకుండా సొంత స్థలంలోనే స్టోర్ పెడుతుంది. సరుకు ఇచ్చినవాళ్లకు తొందరగా డబ్బు కట్టి రేటు తగ్గించుకుంటుంది. ఇది టార్గెట్ చేసినదానికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. నెత్తిన అద్దె లేనివాడు ఎంతకాలమైనా కూర్చుంటాడు.

కిరాణా కొట్టు అలా కూర్చోలేదు. డిస్ట్రిబ్యూటర్‌కు వారంలో డబ్బు కట్టాలి. ఎదురుగా ఖాతా పుస్తకంలో మాత్రం ‘దాళ్వా (రెండో పంట) డబ్బులు పడ్డాక ఇస్తా’ అన్న పేర్లు వరసగా ఉంటాయి. నగదు ఉన్న నెల స్టోర్‌కి, లేని నెల తన దగ్గరికి వస్తారన్నదే కొట్టాయన బాధ. దీనికి స్టోర్ కావాలనేవాళ్ల నుంచి ‘అక్కడ రేటు తక్కువ’ అన్న మాట తప్ప వేరే జవాబు నేను వినలేదు.

కాబట్టి వచ్చేవాళ్లు స్థలం కొన్నారా, లీజుకు తీసుకున్నారా అన్నదే ముందు తేలాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) తీయిస్తే అదీ కనిపిస్తుంది, కొనుగోలూ కనిపిస్తుంది. నేను కూర్చున్న మీటింగుల్లో కెనడా మాట వచ్చింది గానీ, ఈసీ కాగితం పట్టుకొచ్చినవాళ్లు లేరు.