పాట తప్పుగా వినిపిస్తే చెవి పాడైనట్టా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఆడియాలజిస్టుగా వినికిడి పరీక్షలు చేస్తుంటాను. ఈమధ్య కాలేజీ పిల్లలు ఫోన్‌లో ఏదో రీల్ చూపించి, "మేడమ్, ఈ పాట నాకూ ఇలాగే వినిపిస్తోంది, చెవిలో ఏమైనా ప్రాబ్లమా?" అని అడుగుతున్నారు. పాటలో ఒక ముక్కకి తప్పు క్యాప్షన్ పెడతారు, ఇక నెలల తరబడి ఏ పోస్టు కింద చూసినా అదే జోకు. నవ్వుకోవడం మంచిదే. కానీ ఈ జోకుల చుట్టూ ఉన్న నమ్మకాల వల్ల పరీక్ష అక్కర్లేనివాళ్లు కంగారు పడుతున్నారు, అవసరమైనవాళ్లు ఇంట్లోనే ఉండిపోతున్నారు.

అపోహ: పాటను తప్పుగా విన్నామంటే చెవిలో లోపం ఉన్నట్టే.

వాస్తవం: చాలావరకు ఉండదు. శబ్దాన్ని పట్టుకుని పంపడం చెవి పని. దాన్ని మాటలుగా విడగొట్టుకోవడం మెదడు పని. రాసేటప్పుడు మాటకీ మాటకీ మధ్య వదిలే ఖాళీ, పలికేటప్పుడు ఉండదు. పాటలో అయితే అచ్చులు సాగుతాయి, హల్లులు డ్రమ్స్‌లో మునిగిపోతాయి, పాడేవాళ్ల పెదాలు మనకి కనిపించవు.

1967లో జిమీ హెండ్రిక్స్ పాడిన 'పర్పుల్ హేజ్'లో "కిస్ ద స్కై" అన్నచోట ఎంతోమంది ఇంగ్లిషువాళ్లకే "కిస్ దిస్ గై" అని వినిపించింది. దానికి కారణం ఉంది. ఇంగ్లిషులో మాట మొదట వచ్చే 'క'ని గాలి వదులుతూ పలుకుతారు. 'స' తర్వాత వస్తే ఆ గాలి ఉండదు కాబట్టి 'గ'కి దగ్గరగా వినిపిస్తుంది. ఆ 'స' ముందు మాటదా, తర్వాత మాటదా అన్న ఒక్క తేడాతో ఆకాశం కాస్తా కుర్రాడైపోయింది.

మన భాషలో ఎలా జరుగుతుందో చూడండి. "మదిని కలిపే వలపుల హోరు" అని ఒక పల్లవి ఉందనుకుందాం (ఉదాహరణ కోసం నేను అల్లినదే). బీట్ కింద 'వల' మునిగిపోయి "కలిపే పులహోరు" మిగిలిందంటే, మెదడు ఒక్క క్షణం కూడా ఆగదు, పులిహోర అనేస్తుంది. 'పులహోరు' అనే మాట దాని దగ్గర లేదు, పులిహోర చిన్నప్పటినుంచీ ఉంది. పైగా పులిహోర కలపడం అంటే ఇప్పటి కుర్రకారు భాషలో అమ్మాయితో మాటలు కలపడం. ప్రేమపాటకి అది ఇట్టే అతుకుతుంది. ఏ తప్పు ఒక్కరి చెవిలోనే ఆగిపోతుందో, ఏ తప్పు ఊరంతా జోకవుతుందో అక్కడే తేలిపోతుంది. అర్థంలేని తప్పును మర్చిపోతాం, అసలు పాటకి సరిపడే తప్పును పదిమందికి చెబుతాం.

అపోహ: అంతమంది నవ్వుతున్నారంటే అందరికీ మొదటినుంచీ అలాగే వినిపించి ఉండాలి.

వాస్తవం: క్యాప్షన్ చూశాక వినిపించడం మొదలైనవాళ్లు చాలామంది. 2007లో ప్రభుదేవా తమిళ పాట 'కల్లూరి వానిల్'కి ఒక అమెరికన్ యూట్యూబర్ ఇంగ్లిషు అక్షరాలు తగిలించాడు. మొదటి లైనే "మై లూనీ బన్ ఈజ్ ఫైన్, బెన్నీ లావా". తమిళం రానివాళ్లకి ఆ అక్షరాలు చూస్తూ వింటే అచ్చం అదే వినిపించింది. ఒక భాషని అర్థంలేని గోలగా చూపించే ఆ పద్ధతి నాకు నచ్చదు. కానీ కంటితో చదివింది చెవిని ఎంత నడిపిస్తుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1970లో రిచర్డ్ వారెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వాక్యంలో ఒక ధ్వనిని కత్తిరించి, అక్కడ దగ్గు పెట్టి వినిపించాడు. విన్నవాళ్లకి ఆ మాట పూర్తిగానే వినిపించింది. లేనిదాన్ని నింపుకునే ఆ మెదడుకే ఎలా నింపుకోవాలో క్యాప్షన్ ముందుగా చెప్పేస్తుంది. ఒకసారి అలా విన్నాక పాత మాటని వినడం కష్టం. అందుకే ఆ పాట వచ్చిన ప్రతిసారీ జోకు కూడా తిరిగొస్తుంది.

మీ స్నేహితులకి ఈసారి క్యాప్షన్ చూపించకుండా, కళ్లు మూయించి వినిపించండి. ఏం విన్నారో ముందు రాయమనండి.

అపోహ: తప్పంతా గాయకుడి ఉచ్చారణదే.

వాస్తవం: 1969 నాటి ఇంగ్లిషు పాట 'బ్యాడ్ మూన్ రైజింగ్'లో "బ్యాడ్ మూన్ ఆన్ ద రైజ్" చాలామందికి "బాత్‌రూమ్ ఆన్ ద రైట్" అయింది. పాడిన జాన్ ఫోగర్టీ మాతృభాష ఇంగ్లిషే. తర్వాత కచేరీల్లో ఆయనే సరదాగా అలా పాడేవాడు. ఉచ్చారణ ఒక కారణం కావచ్చు, మిక్సింగూ వేగమూ కూడా కారణాలే. పరభాషా గాయకుల మీద పడిపోవడం అన్యాయం.

అపోహ: మంచి హెడ్‌ఫోన్లు ఉంటే ఇవేవీ ఉండవు.

వాస్తవం: తగ్గొచ్చు, పోవు. 2018లో ఒకే క్లిప్పు కొందరికి 'యానీ' అని, కొందరికి 'లారెల్' అని వినిపించింది గుర్తుందా? స్పీకర్ మారితే మాట మారినవాళ్లూ ఉన్నారు, ఒకే స్పీకర్ ముందు కూర్చుని వాదించుకున్నవాళ్లూ ఉన్నారు.

అపోహ: నాన్నగారికి అన్నీ తప్పుగానే వినిపిస్తాయి, అదో సరదా.

వాస్తవం: నేను ఇదంతా రాస్తున్నది దీనికోసమే. ఈ ఊళ్లో రేవు పనుల్లో, గాజువాక వైపు వర్క్‌షాపుల్లో ఏళ్ల తరబడి చప్పుడు మధ్య పనిచేసినవాళ్లు చాలామంది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుగా ఉండే సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. ముందుగా స, ఫ లాంటి సన్నని హల్లులు జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. "నాకు బాగానే వినిపిస్తోంది, మీరే గొణుగుతున్నారు" అంటారు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, ఆయన మెల్లగా మాట్లాడటం తగ్గించేస్తారు.

పాటలోనే కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడినా తప్పుగా వింటుంటే, టీవీ సౌండ్ పెంచుతూ పోతుంటే, చెవిలో గుయ్‌మని మోత ఉంటే పరీక్ష చేయించండి. ప్యూర్ టోన్ ఆడియోమెట్రీకి సూది ఉండదు, నొప్పి ఉండదు. గదిలో కూర్చుని, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కడమే. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆయన ఎన్నేళ్లు ఎలాంటి చోట పనిచేశారో, ఏయే మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.