నైట్రోను ఆపింది ఆ వేలి పోటేనా?

వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ కోసం 2025 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్, పారామౌంట్ పోటీకి దిగినప్పటి నుంచి రెజ్లింగ్ అభిమానుల మధ్య పాత పంచాయితీ మళ్లీ లేచింది. ఆ సంస్థ ఛానళ్లయిన టీబీఎస్, టీఎన్‌టీల్లోనే ఏఈడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీ వాళ్ల ‘డైనమైట్’, ‘కొలిజన్’ షోలు వస్తాయి. యజమాని మారితే వాటి గతేమిటన్నది ప్రశ్న. జనం చూస్తున్న షోను ఎవరు మాత్రం ఎందుకు తీసేస్తారని కొందరి ధీమా. ఇవే ఛానళ్లు 2001లో ఏం చేశాయో అప్పుడే మరిచిపోయారా అని మిగతావాళ్ల ఎదురు ప్రశ్న. ఈ రెండోవాళ్ల భయం అర్థం కావాలంటే టీఎన్‌టీలో సోమవారం రాత్రుళ్లు వచ్చిన డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీ రెజ్లింగ్ షో ‘మండే నైట్రో’ చివరి పది రోజుల దగ్గరికి వెళ్లాలి.

రెజ్లర్ హల్క్ హోగన్ విలన్‌గా మారడం, అతని ముఠా ఎన్‌డబ్ల్యూవో నల్ల టీషర్టులు, అవతలి కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వాళ్ల ‘రా’ షోను నైట్రో వరసగా 83 వారాలు రేటింగుల్లో ఓడించడం... ఇదంతా అందరూ వంద సార్లు విన్నదే కాబట్టి వదిలేద్దాం. (మన దగ్గర బళ్లో ట్రంప్ కార్డులు ఆడిన తరానికి రెజ్లింగ్ అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఒక్కటే. ర్యాంకు, బరువు, బైసెప్స్ చెప్పి కార్డు గెలుచుకుంటున్న రోజుల్లో ఆ కార్డు మీది హోగన్ 1994లోనే డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లిపోయాడన్న సంగతి చాలామందికి తెలియదు.)

నైట్రో ఎందుకు మూతపడిందని ఎవరినడిగినా మొదట చెప్పేది 1999 జనవరి 4 రాత్రి సంగతి. అట్లాంటాలోని జార్జియా డోమ్. టైటిల్ మ్యాచ్ అని ఊరించి కెవిన్ నాష్, హోగన్‌లను రింగులోకి దించారు. హోగన్ చూపుడు వేలితో నాష్ ఛాతీ మీద ఇలా తాకించాడు, అంతే. నాష్ తుపాకీ గుండు తగిలినట్టు వెల్లకిలా పడ్డాడు. హోగన్ అతని మీద పడి అదిమిపట్టి బెల్టు గెలిచేశాడు. టికెట్ కొన్నవాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. అదే రాత్రి కామెంటేటర్ టోనీ షియావోనీ, పైనుంచి వచ్చిన ఆదేశం ప్రకారం, అవతలి ఛానల్లో ముందే రికార్డు చేసి పెట్టిన ‘రా’లో మిక్ ఫోలీ ఛాంపియన్ కాబోతున్నాడని వెటకారంగా చెప్పేశాడు. అది చూద్దామని లక్షల మంది రిమోట్ నొక్కి అటు వెళ్లారు.

కథగా చెప్పుకోవడానికి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. తేదీలు దగ్గర పెట్టుకుని చూస్తే మాత్రం అతకదు. 83 వారాల జైత్రయాత్ర ఆగిపోయింది 1998 ఏప్రిల్ 13న, అంటే వేలి పోటుకు దాదాపు 9 నెలల ముందు. పోనీ ఆ పోటుతోనే జనం పారిపోయారా అంటే, ఆ రాత్రి కూడా నైట్రో రేటింగ్ 5 దగ్గరే ఉంది. ఆ తర్వాత షో ఇంకా రెండేళ్ల పైచిలుకు నడిచింది.

ఆ రెండేళ్లలో షో బాగుందని ఎవరూ అనరు. 1999 ఆగస్టులో క్రిస్ జెరికో, 2000 జనవరిలో ఎడ్డీ గెరెరో బృందం అవతలి కంపెనీలో తేలారు. 2000 ఏప్రిల్లో సినిమా నటుడు డేవిడ్ ఆర్క్వెట్‌కు ప్రపంచ టైటిల్ కట్టబెట్టారు. ఒక్క 2000లోనే నష్టం 6 కోట్ల డాలర్ల పైమాట. ‘చేజేతులా చేసుకున్నారు’ అనేవాళ్ల వాదనకు బలం ఇక్కడే ఉంది, కాదనడానికి లేదు.

కానీ నష్టాల్లో ఉన్న కంపెనీని కొనేవాళ్లు లేకపోతే కదా మూసేది? కొనేవాళ్లు ఉన్నారు. 2001 జనవరిలో ఫ్యూజియెంట్ మీడియా అనే సంస్థ, పాత బాస్ ఎరిక్ బిషాఫ్‌ను ముందు పెట్టుకుని, డబ్ల్యూసీడబ్ల్యూను కొంటున్నట్టు ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏఓఎల్, టైమ్ వార్నర్ విలీనం కూడా పూర్తయింది. టీబీఎస్, టీఎన్‌టీలను స్థాపించి, రెజ్లింగ్‌ను ఇన్నేళ్లూ వెనకేసుకొచ్చిన టెడ్ టర్నర్‌కు కొత్త సంస్థలో పెద్ద హోదా అయితే దక్కింది గానీ, ఛానళ్ల మీద పెత్తనం మిగల్లేదు. మార్చి మొదట్లో టర్నర్ ఛానళ్ల పగ్గాలు జేమీ కెల్నర్ చేతికి వచ్చాయి. మార్చి మధ్యకల్లా ఆయన నిర్ణయం బయటికొచ్చింది. టీఎన్‌టీలో గానీ టీబీఎస్‌లో గానీ ఇకమీదట రెజ్లింగ్ ఉండదు.

కెల్నర్ వైపు వాదన చిన్నదే. ఖరీదైన ప్రకటనలు ఇచ్చే కంపెనీలు రెజ్లింగ్ ప్రేక్షకుల జోలికి రావు, ఛానల్‌కు తాము తేవాలనుకుంటున్న పేరుకు ఈ షో నప్పదు. టీఎన్‌టీలో ఎక్కువమంది చూసే షోలలో అప్పటికీ నైట్రో ఒకటన్న సంగతి ఆ వాదనలో కనిపించదు.

బిషాఫ్ వైపు కథ ఇంకాస్త లోతుగా ఉంటుంది. డబ్ల్యూసీడబ్ల్యూ టర్నర్ ఇంటి కంపెనీ. బయటి నిర్మాతకైతే షో హక్కులకు డబ్బు కట్టాలి, ఇంటివాళ్లకు అలా కట్టే పనిలేదు. పెరట్లో గేదె పాలు ఇంటిల్లిపాదీ తాగి, నెలాఖరున దాణా ఖర్చు ఒక్కటే లెక్క రాసి, గేదె దండగ అన్నట్టన్నమాట. పైగా గ్రూపులోని వేరే విభాగాల ఖర్చులు కూడా తమ పద్దులోనే పడ్డాయంటాడు బిషాఫ్. 1998 జనవరిలో మొదలైన ‘థండర్’ షో కూడా తాను కోరుకున్నది కాదని, వద్దన్నా టీబీఎస్ కోసం నెత్తిన పెట్టారని చెబుతాడు. వారానికి ఒక షోకు కథలు రాయడానికే కిందామీదా పడుతున్న టీమ్‌కు రెండోది తోడైంది. ఆ ఏడాది మొదట్లోనే నైట్రో కూడా మూడు గంటలకు సాగింది. రేటింగుల్లో పట్టు జారింది ఆ తర్వాతే. పోటు పొడిచిన వేలి కంటే ఈ గంటల లెక్క మీద వెలుగు పడితే బాగుండేదనిపిస్తుంది.

అసలు ఆ సోమవారం టైమ్ ఎలా దొరికిందో కూడా చెప్పుకోవాలి. 1995లో ఆసియాలో స్టార్ టీవీకి షోలు అమ్మే విషయం మాట్లాడటానికి బిషాఫ్ టర్నర్ దగ్గరికి వెళ్లాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్‌తో పోటీ పడాలంటే ఏం కావాలని మధ్యలో టర్నర్ ఉన్నట్టుండి అడిగాడు. ఏం చెప్పాలో తోచక ప్రైమ్‌టైమ్ కావాలన్నాడు బిషాఫ్. టర్నర్ పక్కనున్న అధికారి వైపు తిరిగి సోమవారం టీఎన్‌టీలో టైమ్ ఇచ్చేయమన్నాడు. బిషాఫ్ ఇప్పటికీ చెప్పుకునే సంగతిది. సర్వేలు లేవు, మీటింగులు లేవు. 1995 సెప్టెంబరు 4న మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికాలో, షాపుల మధ్య రింగు వేసి మొదటి నైట్రో తీశారు.

ఒకరి నోటిమాటతో వచ్చిన టైమ్ ఆరేళ్లకు ఇంకొకరి నోటిమాటతో పోయింది. టైమ్ పోయాక ఫ్యూజియెంట్ కొనడానికి ఏం మిగిలింది? ఛానల్ లేని రెజ్లింగ్ కంపెనీకి కోట్ల డాలర్లు ఎవరు పెడతారు? వాళ్లు తప్పుకున్నారు. మార్చి 23న మెక్‌మాన్ కంపెనీ పేరు, టేపులు, కొందరు రెజ్లర్ల కాంట్రాక్టులు కలిపి దాదాపు 25 లక్షల డాలర్లకు పట్టుకుపోయింది. అప్పటి మారకంలో 12 కోట్ల రూపాయల లోపే. ఆయనకు సోమవారం రాత్రి సొంత షో ఎలాగూ ఉంది, టైమ్ అక్కర్లేని కొనుగోలుదారు ఆయనొక్కడే. గోల్డ్‌బర్గ్, హోగన్, నాష్ లాంటి పెద్ద తలకాయల ఖరీదైన కాంట్రాక్టుల జోలికి మాత్రం పోలేదు. వాళ్లలో చాలామంది ఇంట్లో కూర్చుని ఏఓఎల్ టైమ్ వార్నర్ నుంచి జీతం తీసుకున్నారు.

మార్చి 26న ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో చివరి నైట్రో మొదలవగానే తెర మీద కనిపించింది విన్స్ మెక్‌మాన్. చివరి మ్యాచ్ స్టింగ్, రిక్ ఫ్లెయిర్ మధ్య. మొదటి నైట్రోలోనూ వాళ్లిద్దరూ తలపడ్డారు. ఫ్లెయిర్ ఆ రోజు టీషర్టు కూడా విప్పకుండా ఆడాడు. అయ్యాక ఇద్దరూ కౌగిలించుకున్నారు.

టీఎన్‌టీలో మళ్లీ ప్రతివారం రెజ్లింగ్ కనిపించడానికి 2019 అక్టోబరు 2 దాకా, అంటే పద్దెనిమిదేళ్లకు పైగా పట్టింది. టోనీ ఖాన్ పెట్టిన ఏఈడబ్ల్యూ ఆ రోజు డైనమైట్ మొదలుపెట్టింది. కామెంటరీ బల్ల దగ్గర అదే షియావోనీ. 2020 డిసెంబరులో అదే ఛానల్లో లైట్లు ఆరి, కృత్రిమ మంచు కురుస్తుండగా స్టింగ్ నడుచుకుంటూ వచ్చాడు. నైట్రో చూసి పెరిగినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. ఏఈడబ్ల్యూ ఛానల్ ఇంటి సొత్తు కాదు. 2024 అక్టోబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం వార్నరే దానికి ఎదురు డబ్బు కడుతోంది, ఏడాదికి సగటున 18.5 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. కాబట్టి 2001లా పది రోజుల్లో దీపం ఆర్పేయడం కుదరదు. అయితే డిసెంబరులో బేరానికి దిగిన ఇద్దరినీ చూడండి. నెట్‌ఫ్లిక్స్ 2025 జనవరి నుంచి ‘రా’ను ప్రసారం చేస్తోంది, పదేళ్లకు 500 కోట్ల డాలర్ల ఒప్పందం మీద. పారామౌంట్ 2026 నుంచి ఏడేళ్లపాటు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే యూఎఫ్‌సీ హక్కులు కొనుక్కుంది. ‘రా’ నడిపే డబ్ల్యూడబ్ల్యూఈకి, యూఎఫ్‌సీకి మాతృసంస్థ ఒక్కటే, టీకేవో. అంటే ఆ ఇద్దరూ టోనీ ఖాన్ పోటీదారుతో ముందే వ్యాపారం చేస్తున్నవాళ్లే. ఏఈడబ్ల్యూ ఒప్పందానికి గడువు 2027 దాకా ఉందని, ఆ పైన ఇంకో ఏడాది పొడిగించాలో వద్దో తేల్చేది ఛానల్ వైపువాళ్లేనని అప్పటి వార్తల్లోనే ఉంది.