పొగరు అని తేల్చేసే ముందు: బడిలో ‘మొండి పిల్లల’ గురించి అపోహలు, వాస్తవాలు

జూన్‌లో బడులు తెరిచి నెల తిరగకముందే తల్లిదండ్రులు నా దగ్గరికి రావడం మొదలవుతుంది. తల్లి చేతిలో స్కూల్ డైరీ, డైరీ నిండా ఎర్ర సిరా. ‘మేడమ్, ఇంకొక్కసారి గొడవ చేస్తే టీసీ ఇచ్చి పంపేస్తామన్నారు’ అని కూర్చోకుండానే చెబుతుంది. పక్కన పిల్లవాడు నేల చూస్తూ నిలబడతాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా పన్నెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. మండలాలు మారాయి గానీ ఈ మాట మారలేదు.

అపోహ: వాడికి పొగరు. కావాలనే చేస్తున్నాడు. రెండు తగిలించి నాలుగు రోజులు బయట నిలబెడితే దారికొస్తాడు.

వాస్తవం: నేను చూసినంతలో పిల్లల చదువును అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసింది ఈ నమ్మకమే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఆరో తరగతి పిల్లవాడొకడు ఉండేవాడు. పక్కవాడి పెన్ను విసిరేసేవాడు, బల్ల తన్నేవాడు. రోజంతా ఇంతేనని అందరూ చెప్పారు. ‘రోజంతా’ అనే మాటను నేనెప్పుడూ నమ్మను. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి ఉపాధ్యాయులకు ఇచ్చాను. గొడవకు ముందు తరగతిలో ఏం జరుగుతోంది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది అని రాయాలి. ఏ పీరియడో కూడా రాయమన్నాను. రెండు వారాల్లో పదకొండు గొడవలు జరిగితే అందులో తొమ్మిది మూడో పీరియడ్‌లోనే. అది తెలుగు పీరియడ్. వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా పైకి చదవాలి.

వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. వాడి పెదవులు కదులుతున్నాయి. చదువుతున్నాడనుకున్నాను. చూస్తే, తన వంతుకు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటున్నాడు. ఇద్దరు మిగిలారనగా పక్కవాడి పెన్ను కిటికీ దాకా ఎగిరింది. ‘బయటికి పో’ అన్నారు మాస్టారు. వాడు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి, అంతసేపూ బిగించి ఉంచిన పిడికిలి అప్పుడు విప్పాడు.

మూడో గడిలో తొమ్మిదిసార్లూ ఒకటే రాసి ఉంది: ‘బయటికి పంపాను.’ మనం శిక్ష అనుకున్నదే వాడికి కావలసింది. ఒంటరిగా కూర్చోబెట్టి చదివిస్తే రెండో తరగతి పాఠం దాటలేకపోయాడు. ఒత్తు కనిపించిన ప్రతిచోటా ఆగిపోయాడు. నలభైమంది ముందు చదవడం రాదనిపించుకోవడం కంటే అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి తేలికైంది. పొగరు ఉన్న పిల్లవాడు అలా వంతులు లెక్కపెట్టుకుంటాడా?

మాస్టారు మంచి మనిషి, విషయం చెప్పగానే పద్ధతి మార్చారు. చదవాల్సిన నాలుగు వాక్యాలు ముందురోజే చెప్పి ఇంట్లో చూసుకుని రమ్మనేవారు. వాడు చెయ్యెత్తితేనే చదివించేవారు. ఇక ఉండలేననిపిస్తే ‘నీళ్లు తాగొస్తాను సార్’ అని అడగడం నేర్పాం. పెన్ను విసిరితే మాత్రం బయటికి పంపలేదు, వెళ్లి ఏరుకొచ్చి ఇమ్మన్నారు. మొదటి వారం గొడవలు ఇంకా పెరిగాయి. చాలామంది సరిగ్గా ఇక్కడే వదిలేస్తారు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే పిల్లలు మొదట దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. నెలకల్లా గొడవలు వారానికి ఒకటికి దిగాయి. ఒత్తులు పట్టుబడటానికి మాత్రం ఏడాది పట్టింది.

ప్రతి గొడవ వెనకా చదువే ఉండదు. కొందరు ఎవరైనా తమను పట్టించుకోవాలని చేస్తారు, కొందరు కావలసిన వస్తువు కోసం చేస్తారు, కొందరు చప్పుడూ గుంపూ భరించలేక చేస్తారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలుంటారు. చెవిలో చీము కారుతూ వినపడక, ‘చెప్పిన మాట వినడు’ అని తిట్లు తిన్న పిల్లవాడిని నేనే చూశాను. అందుకే చూపు, వినికిడి, నిద్ర, ఆకలి మొదట చూడండి.

ఇక కొట్టడం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్ చెబుతోంది. టీసీ బెదిరింపు విన్న ప్రతి తల్లికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

అపోహ: శిక్షించకపోతే మిగతా పిల్లలూ చెడిపోతారు.

వాస్తవం: హద్దులు వద్దని ఎవరూ అనడం లేదు. ఇంకొకరిని గాయపరుస్తుంటే వెంటనే ఆపాల్సిందే. యాభైమందిని ఒక్కరే చూసుకునే ఉపాధ్యాయుల అలసట నాకు తెలుసు. మూడు గళ్లు నింపడానికి పట్టేది మాత్రం రెండు నిమిషాలే.

అపోహ: చాక్లెట్లు ఎక్కువై ఇలా చేస్తున్నాడు, తల్లి గారాబం చేసింది, దిష్టి తగిలింది.

వాస్తవం: పంచదార తింటే పిల్లలు అదుపు తప్పుతారన్నది పరిశోధనల్లో నిలబడలేదు. మాటలో, నలుగురితో కలవడంలో తేడా కనిపించే ఆటిజం కూడా పెంపకం వల్ల రాదు. తాయెత్తు కట్టించుకోవడం మీ ఇష్టం, కానీ దాని కోసం డాక్టరు చేసే పరీక్షలను ఆరు నెలలు వాయిదా వేయకండి. ఈ పుకార్లు మోసుకొచ్చే బంధువులకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

అపోహ: ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి తీసుకెళ్తే ముద్ర పడిపోతుంది, వేరే బడికి పంపేస్తారు.

వాస్తవం: పంపరు. పిల్లవాడు తన బడిలోనే ఉంటాడు. ఆటిజాన్నీ, చదవడం రాయడం పట్టుబడని అభ్యసన వైకల్యాన్నీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. వైకల్య ధ్రువపత్రం ఉంటే బడి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు అడగవచ్చు. రాత్రిపూట దిగులు పట్టలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

రేపు బడికి పిలిచి టీసీ మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. గొడవలు ఏ రోజు, ఏ పీరియడ్‌లో, దేనికి ముందు జరిగాయో రెండు వారాలు రాసి చూపించమని అడగండి. ఇంట్లో మీరూ అలాగే రాసి, రెండు కాగితాలూ పట్టుకుని మీ మండలంలోని ప్రత్యేక ఉపాధ్యాయుల దగ్గరికి వెళ్లండి.