సోఫా దగ్గర మాయమయ్యే బేస్

హోమ్ థియేటర్ పెట్టుకున్నవాళ్ల నోట తరచూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. సినిమాలో పేలుడు వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడితే ఛాతీ అదురుతుంది. సోఫాలో కూర్చుంటే మాత్రం బేస్ పలచగా ఉంటుంది. వాల్యూమ్ పెంచితే గది మూలల్లో మోత పెరుగుతుంది తప్ప సోఫా దగ్గర చెప్పుకోదగ్గ మార్పు రాదు. లోతైన బేస్ కోసమే ఉండే స్పీకర్ అయిన సబ్‌వూఫర్‌ను ఇంకాస్త పెద్దది కొంటే పోలేదా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. డబ్బు తీసే ముందు ఒక మైక్రోఫోన్, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఓ సాయంత్రం కొలిచి చూస్తే, తప్పు ఎవరిదో చాలాసార్లు గ్రాఫే చెప్పేస్తుంది. ఎక్కువగా ఆ తప్పు గదిది.

శబ్దం 20 డిగ్రీల సెల్సియస్ గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. దాన్ని ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు ఎన్ని ఊపులో చెప్పే హెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది. 10,000 హెర్ట్జ్ తరంగం మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. 1,000 హెర్ట్జ్‌ది 34 సెంటీమీటర్లు. 34 హెర్ట్జ్‌కి వచ్చేసరికి ఆ పొడవు పది మీటర్లు దాటుతుంది. అంటే మామూలు గదిలో ఒక పూర్తి తరంగానికి చోటే లేదు. అయిదు మీటర్ల గదిలో సరిగ్గా సగం తరంగం ఎదురెదురు గోడల మధ్య ఇముడుతుంది. వెళ్లే తరంగం, గోడకు తగిలి తిరిగొచ్చే తరంగం కలిసి ఒకచోట పాతుకుపోతాయి. గోడల దగ్గర గాలి పీడనం తీవ్రంగా ఊగుతుంది, గది నడిమధ్యన దాదాపు ఊగదు. చెవి పట్టుకునేది పీడనంలోని మార్పునే కాబట్టి, నడుమ కూర్చున్న మనిషికి ఆ 34 హెర్ట్జ్ ఉన్నా లేనట్టే.

వీటినే రూమ్ మోడ్స్ అంటారు. లెక్క సులువు. గది పొడవును రెట్టింపు చేసి, దానితో 343ని భాగిస్తే మొదటి మోడ్ వస్తుంది. వెడల్పు మూడున్నర మీటర్లయితే 49 హెర్ట్జ్, ఎత్తు మూడు మీటర్లయితే 57 హెర్ట్జ్. వీటి గుణిజాల దగ్గర, రెండు మూడు దిశలు కలిసే చోట్ల మరికొన్ని మోడ్స్ ఉంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గది ఇందుకే అన్నిటికన్నా చెడ్డది, మోడ్స్ అన్నీ ఒకే చోట గుమిగూడతాయి. పైకి వెళ్లేకొద్దీ మోడ్స్ ఎంత దట్టమవుతాయంటే ఒక్కోదాని ప్రభావం విడిగా తెలియదు. ఆ హద్దును అంచనా వేసే సూత్రాన్ని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చాడు. ధ్వని ఆగిపోవడానికి 0.4 సెకన్లు పట్టే, పైన చెప్పిన కొలతల గదికి అది సుమారు 175 హెర్ట్జ్. ఆ హద్దుకు కింద వినేది స్పీకర్ కన్నా ఎక్కువగా గదినే.

ఇక కొలత. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. జాన్ మల్కాహీ దాన్ని తయారు చేశాడు. దానితో పాటు యూఎస్‌బీ కొలత మైక్రోఫోన్ కావాలి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తను ఎంత ఎక్కువ తక్కువ చూపిస్తుందో చెప్పే కాలిబ్రేషన్ ఫైల్ దానితో వస్తుంది. ఫోన్‌లోని మైక్ మాటల కోసం చేసింది, లోతైన బేస్ దగ్గర దాన్ని నమ్మలేం. మైక్‌ను స్టాండ్ మీద, కూర్చున్నప్పుడు చెవులుండే ఎత్తులో పెట్టి, స్పీకర్లను ఒక్కొక్కటిగా కొలవాలి. సాఫ్ట్‌వేర్ ఒక స్వీప్ వినిపిస్తుంది. అట్టడుగు స్వరం నుంచి చెవికి అందే చివరి కీచు స్వరం దాకా అయిదారు సెకన్లలో జారుతూ పైకి వెళ్లే ధ్వని అది.

ఈ స్వీప్ వెనక ఉన్న తెలివి నిజంగా మెచ్చుకోదగ్గది. గది గుణం తెలియాలంటే క్షణకాలపు చప్పుడు ఒకటి చేసి, దాని ప్రతిధ్వనులు నమోదు చేస్తే చాలు. ఒకప్పుడు తుపాకీ పేల్చి, బెలూన్ పగలగొట్టి చేసినది అదే. కానీ క్షణకాలంలో ఎంత శక్తి పెట్టగలం? ముఖ్యంగా బేస్‌లో? స్వీప్ అదే శక్తిని కొన్ని సెకన్ల మేర పరుస్తుంది. తర్వాత గణితం దాన్ని వెనక్కి మడిచి, గదిలో చప్పుడు చేస్తే ఏం వినిపించేదో ఆ రూపానికి తెస్తుంది. ఫ్యాన్ హోరు లాంటి గొడవ ఈ మడతలో చాలావరకు పక్కకు పోతుంది. ఇటలీకి చెందిన ఆంజెలో ఫారినా 2000లో ఇంకో లాభం చూపించాడు. స్వీప్ వేగం లాగరిథమ్ ప్రకారం ఉంటే, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావడానికి ప్రతిసారీ ఒకే సమయం తీసుకుంటే, స్పీకర్ చేసే డిస్టార్షన్ (వక్రీకరణ) అసలు ధ్వని కన్నా ముందు వేరుగా వచ్చి నిలబడుతుంది. ఒక్క కొలతలో గది, స్పీకర్ వక్రీకరణ, శబ్దం వచ్చిన సమయం అన్నీ దొరుకుతాయి.

మొదటిసారి బేస్ గ్రాఫ్ చూసినవాళ్లకి టెన్షన్ రావడం సహజం. మంచి సబ్‌వూఫర్ కూడా మామూలు గదిలో 15, 20 డెసిబెల్స్ ఎత్తుపల్లాలు చూపిస్తుంది. గీతలోని చిన్న ఎత్తుపల్లాలను సగటు చేసి నునుపు చేసే స్మూతింగ్‌ను బాగా పెంచి, నిలువు స్కేలులో ఎక్కువ డెసిబెల్స్‌ను ఇరికిస్తే ఏ గ్రాఫైనా చదునుగానే కనిపిస్తుందనుకోండి, కంపెనీల ప్రకటనల్లో కొన్ని గీతలు అంత అందంగా ఉండటానికి అదీ ఒక కారణం. బేస్ చూసేటప్పుడు స్మూతింగ్ తీసేయడం మంచిది.

ఎత్తు ఒక రకం జబ్బు, పల్లం ఇంకో రకం. మోడ్ వల్ల వచ్చిన ఎత్తును, ఏ ఫ్రీక్వెన్సీకి ఆ ఫ్రీక్వెన్సీ పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో తగ్గించవచ్చు. తగ్గిస్తే గీత దిగడమే కాదు, ఆ స్వరం ఆగకుండా లాగే మోత కూడా తగ్గుతుంది. ఏ స్వరం ఎంతసేపట్లో ఆగుతుందో చూపే వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కానీ లోతైన, సన్నటి పల్లాన్ని అలా నింపలేం. అక్కడ సబ్‌వూఫర్ ఎంత శక్తి పంపితే గోడ నుంచి అంతే శక్తి వ్యతిరేకంగా వచ్చి దాన్ని కొట్టేస్తుంది. ఈక్వలైజర్‌తో నింపబోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. పది డెసిబెల్స్ పెంచమంటే ఆంప్లిఫయర్ పది రెట్ల పవర్ ఇవ్వాలి. సోఫాలో ఏమీ మారదు, పక్క కుర్చీలో ఉన్నవాళ్ల చెవులు హోరెత్తుతాయి.

పల్లానికి మందు జరపడమే. సోఫాను ఒకటి రెండు అడుగులు వెనక్కో ముందుకో జరిపితే పల్లం సగం పూడిపోవచ్చు. సోఫా కదలదంటే సబ్‌వూఫర్ కదలాలి. దీనికి పాత చిట్కా ఒకటుంది. సబ్‌వూఫర్‌ను సోఫా మీద పెట్టి, మైక్‌ను గోడల వెంట తిప్పుతూ ఎక్కడ గీత బాగా వస్తే అక్కడ సబ్‌వూఫర్‌ను పెట్టడం. ధ్వని పుట్టే చోటు, వినే చోటు ఒకదానికొకటి మార్చినా మధ్యలోని దారి మారదన్న భౌతిక సూత్రం మీద ఇది నడుస్తుంది కాబట్టి, చూడ్డానికి ఎంత వింతగా ఉన్నా పనిచేస్తుంది.

అదే డబ్బుతో ఒక పెద్ద సబ్‌వూఫర్‌కు బదులు రెండు చిన్నవి కొనడం నా లెక్కలో మెరుగు. ఎదురెదురు గోడల నడుమ చెరొకటి పెడితే, గది పొడవునా నిలిచే మొదటి మోడ్‌ను ఒకటి ఒకవైపు నెడితే రెండోది దానికి ఎదురు నెడుతుంది. మోడ్ అసలు లేవదు. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో రకరకాల అమరికలు లెక్కగట్టి, నాలుగు గోడల మధ్య బిందువుల్లో నాలుగు పెడితే సీటుకీ సీటుకీ తేడా బాగా తగ్గుతుందని, అంతకన్నా ఎక్కువ పెట్టినా పెద్దగా ఒరిగేది లేదని చూపించాడు. రెండిటి అమరిక కూడా దానికి చాలా దగ్గరలోనే ఉంది.

పలచని ఫోమ్ పలకలు గోడలకు అతికిస్తే బేస్ బాగుపడుతుందన్న నమ్మకం మాత్రం వదిలేయాలి. అవి పై స్వరాలనే పీలుస్తాయి. ఫోమ్ ఒక తరంగాన్ని బాగా పీల్చాలంటే దాని మందం ఆ తరంగంలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి, 34 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే రెండున్నర మీటర్లు.

సబ్‌వూఫర్ ఎక్కడ ఆగి స్పీకర్లు ఎక్కడ అందుకుంటాయో, ఆ క్రాసోవర్ దగ్గర ఇంకో చిక్కు. అది సాధారణంగా 80 హెర్ట్జ్. ముందు సబ్‌వూఫర్‌ను, తర్వాత స్పీకర్‌ను, తర్వాత రెండిటినీ కలిపి కొలవాలి. కలిపినప్పుడు 80 దగ్గర గీత విడివిడి గీతల కన్నా కిందకు దిగితే, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నట్టు. 80 హెర్ట్జ్ ఒక్క ఊపుకు 12.5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అందులో సగం ఆలస్యమైతే పూర్తి రద్దు. సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్లు, డిజిటల్ ప్రాసెసింగ్ కూడా కొంత ఆలస్యం చేస్తాయి కాబట్టి స్పీకర్లను నడిపే రిసీవర్‌లో సబ్‌వూఫర్‌కు ఇవ్వాల్సిన దూరం టేపుతో కొలిచిన దూరం కన్నా ఎక్కువే అవుతుంది. రెండు మీటర్లు ఎక్కువ చూపినా కంగారు పడక్కర్లేదు, గీత ఎక్కడ నిండుగా ఉందో అక్కడ ఉంచితే సరి.

ష్రోడర్ హద్దుకు పైన చేయి కాస్త వెనక్కి తీసుకోవాలి. స్పీకర్ నుంచి నేరుగా వచ్చిందీ, గోడల నుంచి తిరిగొచ్చిందీ కొలతలో కలిసిపోతాయి. మెదడు అలా కలిపేయదు. ముందొచ్చిన ధ్వనిని బట్టి అది ఎటునుంచి వచ్చిందో తేల్చుకుంటుంది, కొద్ది మిల్లీసెకన్ల తర్వాత వచ్చే వాటిని అందులో ఇముడ్చుకుంటుంది. అందుకే సోఫా దగ్గర 5,000 హెర్ట్జ్‌లో కనిపించే చిన్న గుంటను ఈక్వలైజర్‌తో చదును చేస్తే, బాగున్న స్పీకర్ గొంతే మారిపోయే ప్రమాదం ఉంది. మంచి స్పీకర్ గీత గదిలో కొలిస్తే పైకి వెళ్లేకొద్దీ మెల్లగా వాలుతుంది. ఆ వాలును వాలుగానే ఉంచాలి. బేస్ కొసను మధ్య స్వరాల కన్నా నాలుగైదు డెసిబెల్స్ పైకి పెట్టుకునేవాళ్లే ఎక్కువ, పూర్తి చదును చాలామందికి సన్నగా వినిపిస్తుంది. ఎంత పెంచాలన్నది మైక్ చెప్పే సంగతి కాదు, రిమోట్ చేతిలో ఉన్నవాళ్లు తేల్చుకుంటారు.