జూడోలో చేరాలా, బీజేజేలో చేరాలా?

బయట నుంచి చూసేవాళ్లకి జూడో క్లాసూ బ్రెజిలియన్ జియుజిట్సు (బీజేజే) క్లాసూ ఒకేలా కనిపిస్తాయి. అదే మందపాటి కాటన్ డ్రెస్, అదే బెల్టు, అదే మ్యాట్, ఇద్దరు కాలర్లు పట్టుకుని గుంజుకుంటూ ఉంటారు, పంచ్ లేదు కిక్ లేదు. హైదరాబాద్‌లో ఇప్పుడు రెండూ దొరుకుతున్నాయి కాబట్టి ఏది నేర్చుకోవాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, వాళ్లకి మామూలుగా వచ్చే జవాబు "జూడో అంటే నిలబడి, బీజేజే అంటే కింద పడి" అని. తప్పేం కాదు గానీ ఒకే కడుపున పుట్టినవి ఇలా ఎందుకు విడిపోయాయో ఎవరూ చెప్పరు. నన్నడిగితే అందుకు కారణం పాయింట్లు.

1882లో జిగోరో కానో టోక్యోలో పాత జుజుట్సు స్కూళ్లలో నేర్చుకున్నదాన్ని వడకట్టి జూడో మొదలుపెట్టాడు, ఆయన పెట్టిన కోడోకాన్ అనే జూడో స్కూల్ ఇప్పటికీ ఉంది. అక్కడ నేర్చుకున్న మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి బెలెం ఊళ్లో నేర్పించాడు, ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ, ఆ తర్వాత తమ్ముడు హెలియో, వాళ్ల పిల్లలు కలిసి దాన్ని బీజేజే చేశారు. అంటే మొదట్లో టెక్నిక్కులన్నీ ఒకటే.

ఇప్పుడు రూల్స్ చూడండి. జూడోలో ఎదుటివాణ్ని వీపు మీద స్పీడ్‌గా, కంట్రోల్‌తో పడేస్తే ఇప్పోన్, మ్యాచ్ అక్కడికక్కడే క్లోజ్. 20 సెకన్లు కింద అదిమి పెట్టినా గెలిచినట్టే. కింద పట్టు ముందుకి సాగకపోతే రిఫరీ లేపి నిలబెట్టేస్తాడు, మొత్తం టైమే 4 నిమిషాలు. బీజేజేలో అంత కష్టపడి పడేస్తే వచ్చేది 2 పాయింట్లు. కాళ్ల అడ్డు దాటి పక్కకొస్తే 3, ఛాతీ మీదెక్కి కూర్చున్నా వీపెక్కినా 4, బ్లాక్ బెల్టుల మ్యాచ్ 10 నిమిషాలు, కింద ఎంతసేపున్నా ఎవరూ లేపరు. మరి 2 పాయింట్ల కోసం ఏళ్ల తరబడి త్రో ప్రాక్టీస్ ఎవడు చేస్తాడు? అందుకే బీజేజే వాళ్లలో కొందరు మ్యాచ్ మొదలవగానే వాళ్లంతట వాళ్లే కింద కూర్చుంటారు, జూడో వాళ్లు అది చూసి నవ్వుతారు, అటు బీజేజే వాళ్లేమో జూడోలో కిందపడ్డవాడు బోర్లా తాబేల్లా ముడుచుకుని రిఫరీ ఎప్పుడు లేపుతాడా అని చూడటాన్ని చూసి నవ్వుతారు. ఇద్దరూ తమ తమ రూల్స్ ప్రకారం తెలివైన పనే చేస్తున్నారు.

దీనికి సాక్ష్యం జపాన్‌లోనే ఉంది. 1914 నుంచి అక్కడి కాలేజీ స్థాయి స్కూళ్ల మధ్య జట్టు పోటీలు జరిగేవి, కిందికి లాగి ఎంతసేపైనా పోరాడొచ్చు, డ్రా చేసినా జట్టుకి లాభమే. దాంతో కొసెన్ జూడో అని అచ్చం నేల మీద పట్టుల స్టైల్ ఒకటి తయారైంది, చూస్తే బీజేజే అనే అనుకుంటాం. ఇంకో సాక్ష్యం 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో ఛాంపియన్ మసహికో కిమురాకీ హెలియో గ్రేసీకీ జరిగిన మ్యాచ్. కిమురా అతన్ని మళ్లీ మళ్లీ పడేశాడు. జూడో అయ్యుంటే మొదటి నిమిషాల్లోనే ఇంటికెళ్లేవాళ్లు, కానీ త్రోలు లెక్కలోకి రావని ముందే ఒప్పందం, లొంగదీస్తేనే గెలుపు. చివరికి చెయ్యి వెనక్కి మెలిపెడితే హెలియో పక్కనున్నవాళ్లు టవల్ విసిరారు. ఆ పట్టుని బీజేజే వాళ్లు ఇప్పటికీ కిమురా అనే పిలుస్తారు, ఓడించినవాడి పేరే పెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది.

సరే, ఒంటికి ఏం జరుగుతుందో చూద్దాం. మన బరువుకి కేంద్రం బొడ్డు కాస్త కింద ఉంటుంది, అక్కణ్నుంచి నిలువుగా కిందికి గీసిన గీత రెండు పాదాల మధ్య జాగాలో ఉన్నంతసేపు పడం. జూడో వాడు మొదట చేసేది ఆ గీతని జాగా బయటికి నెట్టడమే. ఒసోతోగారి అనే త్రోలో ఛాతీని వెనక్కి తోస్తూ అదే క్షణంలో కాలుని ముందుకి కోసేస్తాడు, రెండు బలాలు ఎదురెదురుగా పనిచేసేసరికి మనిషి గాల్లో తిరిగిపోతాడు. దీనికి పెద్ద బలం అక్కర్లేదు గానీ టైమింగ్ కావాలి, ఎందుకంటే బరువంతా ఒక్క మడమ మీదుండేది రెప్పపాటు సేపే, చూసి ఆలోచించి కాలెత్తేలోపు ఆ ఛాన్స్ పోతుంది. అందుకే వేలసార్లు అదే ఎంట్రీ ప్రాక్టీస్ చేయిస్తారు, ఆలోచన లేకుండా ఒళ్లే కదిలేదాకా.

బీజేజేలో టైమ్ అలా పరుగెత్తదు. ఆర్మ్‌బార్ అని మోచేతిని వెనక్కి విరిచే పట్టు తీసుకోండి, మీ తుంటి ఎదుటివాడి మోచేతి కింద ఆనుతుంది, రెండు చేతులతో మణికట్టు పట్టుకుని వెనక్కి వాలతారు. మణికట్టు మోచేతికి పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, చెయ్యి మడిచే బైసెప్స్ అతుక్కునేదేమో మోచేతికి నాలుగైదు సెంటీమీటర్లలోనే, అంటే మీరు లాగే ప్రతి కేజీకీ ఆ కండరం ఐదారు కేజీలు లాగాలి, అది కాకుండా మీ లాగుడులో నడుమూ వీపూ కూడా ఉంటాయి. ఇక చోక్ అంటే ఊపిరి ఆపడం అనుకుంటారు చాలామంది, సరిగ్గా పడ్డ చోక్ మెడకి రెండు పక్కలా ఉన్న కెరోటిడ్ రక్తనాళాల్ని నొక్కుతుంది. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు మనం తీసుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడేసుకుంటుంది, సప్లై ఆగితే ఓ పది సెకన్లలో స్పృహ పోతుంది. చోక్ జూడోలోనూ ఉంది, అయితే అక్కడ దాన్ని వెతుక్కునే టైమ్ తక్కువ.

దెబ్బల సంగతి దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎంచుకోవడానికి అసలు పనికొచ్చేది ఇదే. 70 కేజీల మనిషి మీటరు ఎత్తు నుంచి పడితే నేల తగిలేసరికి స్పీడ్ గంటకి 16 కిలోమీటర్లు. ఆ దెబ్బని వీపు, భుజం, చెయ్యి అంతటా పరిచేసి, గడ్డాన్ని ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకోవడమే ఉకెమి. అది రాకుండా పడితే తల గిర్రున తిరిగి, మెదడుకీ దానిపై పొరకీ మధ్యనున్న సన్నటి సిరలు తెగే ప్రమాదం ఉంది. జపాన్ స్కూళ్లలో 1983 తర్వాత మూడు దశాబ్దాల్లో వందకి పైగా పిల్లలు జూడోలో చనిపోయారు, తల దెబ్బలే ఎక్కువ, అందులోనూ కొత్తగా చేరినవాళ్లు. మరోపక్క, పడటం వచ్చినవాళ్లకి అది ఎక్కడైనా పనికొస్తుంది, పక్కకి పడినప్పుడు ఇలా దొర్లితే తుంటి మీద పడే దెబ్బ పాతిక శాతం దాకా తగ్గుతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూపించారు. బీజేజేలో పడటం తక్కువ, మోకాళ్లూ మోచేతులూ వేళ్లూ మెల్లగా అరుగుతాయి, హీల్ హుక్ లాంటి కాలి పట్టులో అయితే నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ పోవచ్చు.

కాబట్టి నా లెక్క ఇది. పదేళ్ల పిల్లాడైతే జూడో, వాడి బరువు తక్కువ, పడటం నేర్చుకుంటాడు, పైగా 1964లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చిన ఆట, స్కూల్ గేమ్స్ ఉన్నాయి, స్పోర్ట్స్ కోటా ఉంది. మన దేశానికి ఇది కొత్త కూడా కాదు, 1929లోనే టాగూర్ శాంతినికేతన్‌కి తకగాకి అనే జపాన్ టీచర్ని పిలిపించాడు. నలభైకి దగ్గర పడి రోజంతా కుర్చీలో కూర్చునే సాఫ్ట్‌వేర్ మనిషైతే బీజేజే, కింద నుంచే మొదలుపెడతారు కాబట్టి ఒంటికి దెబ్బ తక్కువ, ఆలోచించుకునే టైమ్ ఉంటుంది, కొన్ని నెలలకే ఏదో ఒకటి పనిచేస్తుంది, బ్లాక్ బెల్టుకి మాత్రం పదేళ్లు రాసిపెట్టుకోండి. పాతికేళ్లవాళ్లు దగ్గర్లో ఏది బాగుంటే దాంట్లో దూరిపోండి, మీకు ఏదైనా తట్టుకునే ఒళ్లుంది.

ట్రయల్ క్లాస్‌కి వెళ్తే ఒక్కటి గమనించండి. జూడో అయితే ఉకెమి నేర్పకుండా మొదటి రోజే కొత్తవాణ్ని ఎత్తి పడేస్తున్నారా? బీజేజే అయితే ట్యాప్ చేసిన (ఓడిపోయా అని చేత్తో తట్టిన) వెంటనే వదులుతున్నారా, ఇంకో నొక్కు నొక్కి వదులుతున్నారా? ఇందులో తేడా కనిపిస్తే ఫీజు కట్టకుండా వచ్చేయండి. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి, డ్రెస్ ప్రతి క్లాస్ తర్వాత ఉతకండి, తామర మాత్రం రెండింట్లోనూ సమానంగా అంటుకుంటుంది.