విమానం ఎక్కకముందు 6 వారాలు, దిగాక 4 వారాలు

విదేశీ ప్రయాణానికి టికెట్లు నెలల ముందే కొంటాం. టీకాల సంగతి మాత్రం చివరి వారంలో గుర్తొస్తుంది. సూది పడిన రోజే రక్షణ రాదు. రోగంతో పోరాడే ప్రతిరక్షకాలు తయారవడానికి శరీరానికి గడువు కావాలి. టైఫాయిడ్ ఇంజెక్షన్ కనీసం 2 వారాల ముందు పడాలి. దోమల వల్ల వచ్చే వైరస్ జ్వరం యెల్లో ఫీవర్ టీకాకైతే ఈ గడువును నిబంధనగానే పెట్టారు: వేయించుకున్నాక 10 రోజులు గడిస్తేనే ధ్రువపత్రం చెల్లుతుంది. అంతకుముందే దిగితే, ఆ పత్రం అడిగే దేశం మిమ్మల్ని క్వారంటైన్‌లో ఉంచవచ్చు, లోపలికి రానివ్వకపోవచ్చు కూడా. 2016 జులై 11 నుంచి ఈ పత్రం జీవితాంతం చెల్లుతోంది కాబట్టి పాతది పారేయకండి. అందులో పదేళ్ల గడువు రాసి ఉన్నా ఫరవాలేదు.

యెల్లో ఫీవర్, తట్టు టీకాల్లో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది. ఇలాంటివి రెండు కావాల్సి వస్తే ఒకే రోజు వేయించుకోవాలి, కుదరకపోతే మధ్యలో కనీసం 4 వారాలు ఆగాలి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, 60 ఏళ్లు దాటినవారు ముందుగా డాక్టర్‌తో మాట్లాడాకే వీటి జోలికి వెళ్లాలి. ఇన్ని లెక్కలు కుదరాలి గనుకే 6 వారాల ముందు ప్రయాణికులకు టీకాలు వేసే ట్రావెల్ క్లినిక్‌కు వెళ్లమనేది.

ఎక్కువమంది పొరపాటు పడేది మలేరియా రాకుండా వేసుకునే మాత్రల దగ్గర. ఇల్లు చేరగానే మానేస్తారు. దోమ కుట్టినప్పుడు ఒంట్లో చేరిన పరాన్నజీవి ముందు కాలేయంలోకి వెళ్తుంది. అక్కడ వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు ఉండి, వేల సంఖ్యలో పెరిగి, ఆ తర్వాతే ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ అనే మాత్రలు రక్తంలోకి వచ్చినవాటినే చంపుతాయి. తిరుగు ప్రయాణం ముందు రాత్రి కుట్టిన దోమ వదిలినవి కాలేయం దాటి వచ్చేసరికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. అందుకే వచ్చాక మరో 4 వారాలు వాడాలి. అటొవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలోనే దెబ్బతీస్తుంది కాబట్టి 7 రోజులు చాలు. దీన్నీ డాక్సీసైక్లిన్‌నూ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెడతారు. మెఫ్లోక్విన్‌ను 2, 3 వారాల ముందే మొదలుపెట్టడం మేలు. ఆందోళన, పీడకలల్లాంటివి వస్తే మందు మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. మానసిక సమస్యలు, మూర్ఛ ఉన్నవారికి అది అసలు పనికిరాదు. డాక్సీసైక్లిన్‌ను పడుకునే ముందు గుక్కెడు నీళ్లతో మింగితే అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడవచ్చు. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట నడుం వాల్చకూడదు. ఈ మందు వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. ముందు సన్‌స్క్రీన్ రాసుకుని, అది ఆరాక పైన దోమల మందు రాసుకోవాలి.

విరేచనాలు పట్టుకుంటే మందుకన్నా ముందు నీళ్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినంత శుభ్రమైన నీటిలో కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటికి తలగొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. పేగు గోడ గ్లూకోజ్‌నూ సోడియాన్నీ జంటగా లోపలికి లాగుతుంది, వాటి వెంట నీరు వస్తుంది. ఈ పాళ్లు తప్పి చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదమే. విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర బస్సు ప్రయాణానికి పనికొస్తుంది గానీ, జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా వేసుకోవద్దు. తాగే నీళ్లు మరగడం మొదలయ్యాక 1 నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటిన చోట 3 నిమిషాలు ఆగితే చాలు. ఐస్ ముక్కలు కూడా నీళ్లేనని మర్చిపోకండి.

కుక్క, కోతి, గబ్బిలం కరిచినా గీరినా, గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబీస్ రాకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇల్లు చేరాక చూద్దామనుకోవద్దు.

రోజూ వాడే మందులు చేతి సంచిలోనే, అసలు ప్యాకింగ్‌లోనే, జెనరిక్ పేరు (కంపెనీ పేరు కాక మందు అసలు పేరు) ఉన్న ప్రిస్క్రిప్షన్‌తో ఉండాలి. ఇన్సులిన్ లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులకు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. ఆ దేశపు ఎంబసీని ముందే అడగండి.

మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా మలేరియా పూర్తిగా తప్పిందనలేం. వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి లేవగలదు. ఈ మాత్రలు ఆ దశను తాకవు. కాబట్టి తిరిగొచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ దేశంలో ఎప్పుడు ఉన్నారో చెప్పి, మలేరియాకు రక్తపరీక్ష చేయమని అడగండి.