"నిఫ్టీదే కదండీ, ఏదో ఒకటి కొనేయండి": ఈటీఎఫ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

బ్రోకింగ్ ఆఫీసులో రోజూ ఆర్డర్లు పెట్టే పని నాది. షేరు కొనేముందు పది ప్రశ్నలు అడిగేవాళ్లు కూడా ఈటీఎఫ్ (ఒక ఇండెక్స్‌ను అనుసరిస్తూ, షేరులాగే ఎక్స్ఛేంజీలో కొనుక్కునే ఫండ్) దగ్గరికొచ్చేసరికి పేరులో నిఫ్టీ కనిపిస్తే చాలంటారు. నాకు టెన్షన్ అక్కడే.

అపోహ: జూనియర్ బీస్ అంటే నిఫ్టీ బీస్‌కి చిన్న సైజు.

రిటైరైన ఒక మాస్టారు ఇలాగే అనుకుని రెండేళ్లపాటు నెలనెలా జూనియర్ కొన్నారు. "ఇందులో రిలయన్స్ ఉంది కదా బాబూ?" అని ఒకరోజు అడిగితే, లేదని చెప్పడం నాకే కష్టమైంది. 2001 డిసెంబరులో మొదలైన నిఫ్టీ బీస్ మన దేశంలో తొలి ఈటీఎఫ్. అది 50 పెద్ద కంపెనీల ఇండెక్స్ అయిన నిఫ్టీ 50ని అనుసరిస్తుంది. జూనియర్ అనుసరించేది నిఫ్టీ నెక్స్ట్ 50ని, అంటే నిఫ్టీ 100 కంపెనీల్లో ఆ మొదటి 50 తీసేయగా మిగిలినవాటిని. ఒకదానిలో ఉన్న కంపెనీ రెండోదానిలో ఉండదు.

'నెక్స్ట్' అన్నారు కాబట్టి ఇవన్నీ రేపు నిఫ్టీలోకి ఎక్కేవే అనుకోవడమూ పొరపాటే. పైనుంచి దిగినవీ ఇక్కడికే వస్తాయి. 2024 సెప్టెంబరు చివర్లో ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ నిఫ్టీ 50లోకి వెళ్తే, మన హైదరాబాద్ దివీస్ ల్యాబ్స్ అక్కడినుంచి నెక్స్ట్ 50లోకి వచ్చింది. ఒడుదొడుకులూ ఇక్కడ ఎక్కువే. 2008లో నిఫ్టీ సగానికి పైగా పడితే, ఈ ఇండెక్స్ 60 శాతం దాటి పడింది. ఇది చెడ్డ ఫండ్ అని నేను అనను. మాస్టారు కొనాలనుకున్నది మాత్రం ఇది కాదు.

అపోహ: కంపెనీలు అవే అయితే రాబడీ అదే.

నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్ సంగతి చూడండి. కంపెనీలు అచ్చంగా అవే. మామూలు నిఫ్టీలో మార్కెట్లో కొనుగోలు, అమ్మకాలకు అందుబాటులో ఉన్న షేర్ల మొత్తం విలువను బట్టి వాటా ఇస్తారు కాబట్టి పెద్ద బ్యాంకుల బరువు ఎక్కువ. ఈక్వల్ వెయిట్‌లో మూడు నెలలకోసారి అన్నిటినీ మళ్లీ 2 శాతానికి తెస్తారు. పెద్ద బ్యాంకులు పరుగెత్తిన ఏడాది ఇది వెనకబడుతుంది, అవి నీరసించినప్పుడు ముందుకెళ్లొచ్చు. నిఫ్టీ 50 వేల్యూ 20లో అయితే ఉండేవే 20 కంపెనీలు.

సీపీఎస్ఈ ఈటీఎఫ్, భారత్ 22 రెండూ 'గవర్నమెంటువే' అని ఒకే గాటన కట్టేస్తుంటారు. మొదటిదానిలో ఉన్నవి కేంద్ర ప్రభుత్వ సంస్థలే. భారత్ 22లో ఐటీసీ, ఎల్ అండ్ టీ, యాక్సిస్ బ్యాంక్ కూడా ఉన్నాయి.

యూనిట్ ధర తక్కువైతే చవక అనేది ఇంకో అపోహ. నిఫ్టీ బీస్ ధర ఒకప్పుడు నిఫ్టీలో సుమారు పదో వంతు ఉండేది. 2019 డిసెంబరులో ఒక్కో యూనిట్‌ను పదిగా విడగొట్టారు. ధర పదో వంతైంది, యూనిట్లు పది రెట్లయ్యాయి, ఎవరి డబ్బూ మారలేదు.

అపోహ: స్క్రీన్ మీద కనిపించేదే అసలు విలువ.

నాస్‌డాక్ 100 లాంటి విదేశీ ఇండెక్స్‌ల ఈటీఎఫ్‌లలో ఇది గట్టిగా దెబ్బతీస్తుంది. మన ఫండ్లు విదేశాల్లో పెట్టే డబ్బుకి పరిమితి ఉంది. అది నిండితే కొత్త యూనిట్లు తయారు కావు. ఉన్నవాటికోసమే అందరూ పోటీపడతారు, ధర అసలు విలువకన్నా పైకి పోతుంది. ఆ ప్రీమియం తగ్గిన రోజున, ఇండెక్స్ పడకపోయినా కొన్నవాళ్లు నష్టపోతారు.

అందుకే ఆర్డర్ పెట్టేముందు ఫండ్ పేరుతో ఆగకుండా, ఫ్యాక్ట్‌షీట్‌లో బెంచ్‌మార్క్ అని ఉన్నచోట ఇండెక్స్ పూర్తి పేరు చదివి వినిపిస్తాను. తర్వాత ఐఎన్ఏవీ (యూనిట్ అసలు విలువ అప్పటికప్పుడు సుమారు ఎంతో చూపే అంకె) ఎంతుందో చూసి, దానికి దగ్గరగా లిమిట్ ఆర్డర్, అంటే మనం చెప్పిన ధర దాటకుండా కొనే ఆర్డర్ పెడతాను. తేడా మరీ ఎక్కువగా ఉంటే ఆ రోజుకి ఆగమనే చెబుతాను.